తలుపు ఊడదీసిన వార్డెనమ్మ

పదిహేను రోజుల కింద మంగళవారంనాడు హోసూరు నుంచి నాకొక కార్డు వచ్చింది. మా హాస్టల్ వంటమ్మ ఎవరిచేతనో రాయించింది. "వార్డెనమ్మ ఆదివారం పొద్దున పోయినారు. నీకు చెప్పమని ఎవురూ అనలేదు, నేనే చెప్తా ఉండాను." అంతే ఉంది. చావు కబురు తెచ్చిన కార్డును చదవగానే చించి పారేయాలంటారు మా ఊళ్ళో. నాకు చేతులు రాలేదు. అది నా నోటు పుస్తకంలోనే ఉంది.

నేను కృష్ణగిరిలో బి.ఎ. మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఈమధ్య ఏ మంచి మాట కనబడినా రాసిపెట్టుకునే అలవాటు పట్టుకుంది. వార్డెనమ్మ గురించి రాద్దామని ఆ మాటలన్నీ ముందేసుకుని కూర్చుంటే ఒక్కటీ ఆమెకు అతకలేదు. అందుకని చూసినవి చూసినట్టే రాస్తాను.

మాది సూళగిరి దగ్గర గొర్రెలు మేపుకునే ఇల్లు. ఆరో తరగతికి నాన్న నన్ను హోసూరులో ఒక ధర్మసంస్థ నడిపే ఆడపిల్లల హాస్టల్లో వదిలిపెట్టడానికి తీసుకొచ్చాడు. వచ్చినవాళ్ళు కూర్చునే గదిలో మమ్మల్ని కూర్చోబెట్టారు. ఆ గదికి గుమ్మం ఉంది, తలుపు లేదు. నాన్న చుట్టూ చూసి, "ఏమ్మా, ఈ రూముకు తలుపు యాడ పోయింది?" అన్నాడు.

"ఆడ చూడప్పా. మీ పాప కూడా రేపట్నుంచి దానిమీదనే రాసుకుంటుంది," అన్నారు వార్డెనమ్మ.

వసారాలో ఇటుకల మీద అడ్డంగా పరిచి ఉంది తలుపు. దాని చుట్టూ ఆరుగురు పిల్లలు కూర్చుని లెక్కలు చేసుకుంటున్నారు. తాళం బిగించిన చోట పడ్డ కన్నంలో ఎవరో పెన్ను నిలబెట్టారు. ఐదేళ్ళు నా బల్ల అదే.

వార్డెనమ్మ పనిలో చేరిన వారంలోనే వడ్రంగిని పిలిచి ఆ తలుపు ఊడదీయించారట. కమిటీవాళ్ళు గానీ, డాక్టరు గానీ, పండక్కి బట్టలిచ్చేవాళ్ళు గానీ, ఎవరైనా ఒక పిల్లతో మాట్లాడాలంటే ఆ గదిలోనే మాట్లాడాలి. ఏ పిల్లనూ ఒంటరిగా బయటికి తీసుకుపోకూడదు. "మాటలు వినిపించకపోయినా ఫరవాలేదు. మనుషులు కనిపించాల," అనేవారు. ఆ కట్టుబాటు తనకూ పెట్టుకున్నారు. మమ్మల్ని తిట్టవలసి వచ్చినా తన గదిలోకి పిలిచేవారు కాదు. వసారా చివరకు తీసుకుపోయి చిన్న గొంతుతో తిట్టేవారు. దూరం నుంచి చూసేవాళ్ళకు ఏదో రహస్యం చెబుతున్నట్టు ఉండేది.

తలుపు లేనందువల్ల చిక్కులూ ఉండేవి. ఒకసారి కమిటీ అధ్యక్షుడి కోసం తెచ్చిన పూలదండను, ఆయన రాకముందే పక్కింటి మేక వచ్చి తినేసింది. వంటమ్మ నవ్వలేక చచ్చింది. "మేకైనా సరే, లోపల ఏం చేస్తుండేది అందరికీ కనపడింది కదా," అన్నారు వార్డెనమ్మ.

ఆదివారం పొద్దున ఆమె పేల దువ్వెన పట్టుకుని వసారాలో చాప మీద కూర్చునేవారు. మేము ఒక్కొక్కరం వెళ్ళి వీపు ఆమెవైపు పెట్టి కూర్చోవాలి. తల దువ్వుతూ అందరినీ ఒకటే అడిగేవారు. "ఈ వారం నీకు నచ్చనిది ఏం జరిగింది?" ముఖం కనబడదు కాబట్టి మాట సులువుగా వచ్చేది. చారులో ఉప్పు ఎక్కువైందని చెప్పినవాళ్ళున్నారు. ట్యూషన్ సారు చెయ్యి పట్టుకుని వదలడం లేదని చెప్పిన పిల్ల కూడా ఉంది. ఆ సారు మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు ఒక పెద్దమనిషి నెలకోసారి కారులో పుస్తకాలు తెచ్చి ఇచ్చేవారు. మేము కారు సారు అనేవాళ్ళం. నా రాత బాగుందని మొట్టమొదట అన్నది ఆయనే. కృష్ణగిరిలో వ్యాసరచన పోటీ ఉందని తెలిసి, నన్ను కారులో తీసుకుపోయి సాయంత్రానికి దింపుతానన్నారు. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు.

"ఇంకో పిల్లనూ నన్నూ కూడా ఎక్కించుకోండి సార్, వస్తాము," అన్నారు వార్డెనమ్మ.

ఆయన నవ్వారు. "నా మీద నమ్మకం లేదామ్మా? నా కూతురి వయసు."

"మీరని కాదు సార్. రేపు ఇంకొకాయన వచ్చి, ఆయనతో పంపినారే, నాతో ఎందుకు పంపరు అంటే నేనేం చెప్పేది?"

ఆయన ఆ రోజు తెచ్చిన పుస్తకాలు కట్ట విప్పకుండానే కారులో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ కట్ట వెళ్ళిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. వార్డెనమ్మ మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు.

నాలుగో రోజున కమిటీ అధ్యక్షుడు వచ్చాడు. "అంత పెద్దమనిషిని అవమానిస్తావా? రేపే ఆ రూముకు తలుపు పెట్టించు. లేదంటే నీ దారి నువ్వు చూసుకో."

"పెట్టించండి సార్. తలుపు ఎక్కిన పొద్దే నేను దిగిపోతాను."

వంటింట్లోంచి వంటమ్మ బయటికి వచ్చింది. "ఆయమ్మతోనే నేనూ పోతాను. నలభై మందికి సంగటి మీరే కెలకండప్పా, కట్టె ఆడుంది." అధ్యక్షుడు కట్టె వైపు చూసి, గడియారం చూసుకుని, వెళ్ళిపోయాడు. తలుపు ఇటుకల మీదే ఉండిపోయింది. పుస్తకాలు మాత్రం మళ్ళీ రాలేదు.

ఆ ఆదివారం నా వంతు వచ్చింది. ఎప్పటిలాగే అడిగారు. "నాకు నచ్చనిది మీరే చేసినారు," అన్నాను.

దువ్వెన ఆగలేదు. "చెప్పినావు కదా, మంచిదే. ఎవురి మీదైనా ఇట్లే చెప్పాల."

"ఆయన మంచోడు కాదా?"

"అయ్యుండొచ్చు పాపా. నాకు తెలీదు. ఇంతకుముందు నేను పనిచేసిన చోట ఒకాయన్ను మంచోడే అనుకున్నాను. ఒక పిల్ల వచ్చి ఏమో చెప్పబోయింది. పెద్దోళ్ళ మీద అట్ల చెప్పకూడదని నోరు మూయించినాను." అక్కడ దువ్వెన ఆగింది. "ఆ పిల్ల మళ్ళీ నాతో ఏమీ చెప్పలేదు. ఒకదినం మూట కట్టుకుని ఊరికి పోయింది."

కాసేపటికి దువ్వెన మళ్ళీ కదిలింది. నేను వెనక్కి తిరగలేదు.

పోటీకి ముగ్గురం బస్సులో వెళ్ళాము. నాకు తోడుగా ఇంకో పిల్ల, క్యారియరు ఒళ్ళో పెట్టుకుని వార్డెనమ్మ. నేను రాసినంతసేపూ ఆమె మెట్ల మీద ఎండలో కూర్చున్నారు. నాకు బహుమతి రాలేదు. "పోతే పోనీ. ఏం రాసినావో నాకు చెప్పు, వింటాను," అన్నారు బస్సెక్కాక. నేను ఉత్సాహంగా మొదలుపెట్టాను. సూళగిరి రాకముందే ఆమె నిద్రపోయారు.

కారు సారు ఎలాంటివారో నాకు ఈనాటికీ తెలియదు. నిజంగా మంచివారే కావచ్చు. తెలుసుకోవలసిన అవసరం నాకు రానివ్వలేదు వార్డెనమ్మ. ఇవాళ నేను భయం లేకుండా ఎవరితోనైనా మాట్లాడగలుగుతున్నాను. నచ్చనిది నచ్చలేదని చెప్పగలుగుతున్నాను. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే ఒక చాప, ఒక దువ్వెన గుర్తుకొస్తాయి.

కార్డు వచ్చిన తర్వాతి ఆదివారం హోసూరు వెళ్ళాను. గదికి ఇంకా తలుపు లేదు. గుమ్మానికి తుప్పు పట్టిన బందులు అలాగే ఉన్నాయి. వసారాలో వార్డెనమ్మ చాప మీద వంటమ్మ కూర్చుని ఉంది. ముందర ఒక చిన్నపిల్ల, వీపు ఆమెవైపు పెట్టి. వంటమ్మకు దువ్వెన ఇంకా అలవాటు పడలేదు, చిక్కు తగిలి పిల్ల మెడ వెనక్కి పోతోంది. వంటమ్మ ఏదో అడిగింది. పిల్ల చాప అంచు గిల్లుతూ కూర్చుంది. తర్వాత పెదవులు కదిలాయి. వంటమ్మ ముందుకు వంగింది.

నేను వాకిట్లోనే ఆగిపోయాను. వాళ్ళ మాటలు నాకు వినిపించలేదు. ఇద్దరూ కనిపిస్తూనే ఉన్నారు.