మలుపు కనపడకముందే కదిలే వేలు

నాయన కొండ మీదికి బస్సు నడుపుతాడు. పోయిన ఏడాది మెట్ల మీద జారి కుడి మణికట్టు విరిగింది. పుత్తూరు కట్టు విప్పాక చెయ్యి బాగానే తిరిగింది గానీ, మళ్లీ ఘాట్ డ్యూటీ కావాలంటే ఒక పరీక్ష నెగ్గాలన్నారు. పెట్టె మీద దీపం వెలగగానే మీట నొక్కాలి. ఆలస్యమైనా తప్పే, వెలగకముందే నొక్కినా తప్పే. నెగ్గకపోతే డిపోలో కూర్చోబెడతారు, బస్సు ఇక లేనట్టే.

ఇంట్లో సాధనకు నా ఫోన్ ఇచ్చాను. ఎర్రటి తెర పచ్చగా మారగానే వేలితో తాకాలి. ఎంతసేపు పట్టిందో సెకనులో వెయ్యో వంతుల్లో చూపిస్తుంది. నాయన ఆలస్యం చేస్తాడని భయపడ్డాను. ఆయన మాత్రం తెర మారకముందే తాకేసేవాడు. పెళ్లిచూపుల్లో తాను తలెత్తకముందే సరే అన్న మనిషి కదా అని అమ్మ వంటింట్లోంచి ఎత్తిపొడిచేది.

ఎందుకు ఆగలేకపోతున్నావని అడిగాను.

"మలుపు అవతల ఎవుడో బండి నిలబెట్టుకోనుంటాడు పాపా. సూసినాక తొక్కుదామంటే టైము యాడుంటాది? కనపడకముందే కాలు బ్రేకు మీదికి పోతాది."

ఇన్నేళ్లూ జనాన్ని క్షేమంగా దించిన అలవాటే ఇప్పుడు అడ్డమైంది. చూసింది మెదడుకు చేరి, వేలు కదలడానికి కొంత సమయం తప్పదనీ, నిద్ర చాలకపోయినా, ఒళ్లు బిగుసుకున్నా అది పెరుగుతుందనీ చదివాను. నాయనకు నేను చెప్పడమేమిటని కొన్నాళ్లు సిగ్గుపడి, చివరికి నోరు తెరిచాను.

"ఘాట్ అనుకోవద్దు నాయనా. సిగ్నల్ కాడ నిలబడినట్టు అనుకో."

మన ఊళ్లో సిగ్నల్ కాడ ఆగేదెవురని అమ్మ నవ్వింది. నాయన నవ్వలేదు.

మరునాటి నుంచి భుజాలు వదులుగా పెట్టి, వేలు తెరకు కాస్త పైన ఉంచి కూర్చునేవాడు. తప్పితే మళ్లీ మొదలు. ఫోన్ మీద గానీ నా మీద గానీ విసుక్కోలేదు. పెందలాడే పడుకునేవాడు. అంకెలు డైరీలో రాసుకున్నాను, మెల్లగా తగ్గాయి. కానీ నాకు నచ్చింది అంకెలు కాదు, ఎర్ర తెర ముందు కదలకుండా ఆగిన ఆ వేలు. ఒంట్లో పాతుకుపోయిన అలవాటును ఈ వయసులో బతిమాలి కూర్చోబెట్టిన మనిషిని నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు.

పరీక్ష రోజు డిపో బయట బల్ల మీద కూర్చున్నాను. నాయన వచ్చి పక్కన కూర్చుని మణికట్టు రుద్దుకున్నాడు. ఒకసారి ముందే నొక్కబోయి ఆపుకున్నాడట. మిగతా సంగతి చెబుతాడని ఆయన మొహంలోకి చూశాను.

"రేపు పొద్దున ఘాట్‌కే ఏసినారు," అన్నాడు. "నన్ను లేపు పాపా."