పౌడరు డబ్బాలో దేవుడు

మొన్న దావీదప్ప కోడలు, ఇంటికి సున్నం కొట్టిస్తుంటే అటక మీద దొరికిందంటూ ఒక పాత పౌడరు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. మూత తీశానో లేదో, గంధం పౌడరూ పాత అట్టా కాస్త బొద్దింకల కంపూ కలిసిన ఆ వాసన ముక్కుకు తగిలి, ఎప్పుడో దిగమింగాననుకున్న కోపం మళ్లీ గొంతులోకి వచ్చింది. అందులో ఉన్నవి బైబిలు వాక్యాలు రాసిన వాగ్దానాల చీటీలు. ఆళ్లగడ్డ దగ్గర మా పల్లెలో, నా చిన్నతనంలో, దేవుడు ఆ డబ్బాలోనే కాపురం ఉండేవాడు. మూత మాత్రం మా సంఘపెద్ద దావీదప్ప చేతిలో ఉండేది.

ఆ చీటీలు అసలు కొత్త సంవత్సరం ఆరాధనలో తీసేవి. క్రిస్మస్‌కు చర్చికి సున్నం కొట్టి, వెదురు బద్దలకు రంగు కాగితాలు అంటించి నక్షత్రం కట్టి, ఓలిగలూ చెక్కిలాలూ తిని తిని కడుపులు ఉబ్బిన పిల్లలం, వారం తిరిగేసరికి బేతంచెర్ల బండలు పరిచిన చల్లటి నేల మీద వరుసగా కూర్చుని, డబ్బాలో చెయ్యి పెట్టి ఏడాదికి సరిపడా తలా ఒక వాక్యం తీసుకునేవాళ్లం. అంతవరకూ బాగానే ఉంది. కానీ దావీదప్ప ఏడాదికొక్కసారితో ఊరుకునే మనిషా? జొన్న ఎప్పుడు విత్తాలి, బర్రెను అమ్మాలా వద్దా, పిల్లను ఏ ఊరికివ్వాలి, అన్నిటికీ డబ్బా తెరవాల్సిందే. మా చిన్నాయన పంటినొప్పికి చీటీ తీయిస్తే ఓర్చుకోమని వచ్చింది. దవడ గుమ్మడికాయంత అయ్యేదాకా ఓర్చుకున్నాడు పాపం. చివరికి నంద్యాల డాక్టరు ఏ చీటీ అడక్కుండానే పీకేశాడు.

మా అవ్వకు, అంటే నాయన తల్లికి, అక్షరం ముక్క రాదు, ఆ డబ్బా అంటే గిట్టదు. కలుపు కూలికి వక్కిలేరు దాటి అవతలి పొలాలకు పోయేది. వానలప్పుడు ఏరు ఎర్రగా పారుతూ అడుగు కనబడనిచ్చేది కాదు. అవ్వ చీర మోకాళ్ల పైకి దోపి, కర్రతో ముందర పొడిచి చూసి, బండ తగిలితే ఒక కాలు వేసి, ఆ కాలు నిలదొక్కుకున్నాకే మళ్లీ కర్ర చాపేది.

"అవ్వా, ఆ గడ్డదాకా బండలుండాయని నీకెట్ల తెల్సు?" అని అడిగానొకసారి.

"నాకేం తెల్సు? దేవుడు ఒక్క బండ సూపిస్తాడు. దాని మీద కాలు పెడితేనే ఇంగోటి. గడ్డన కూసోని అన్నీ ఒగేసారి సూపియ్యమంటే, ఆయనేమన్నా నీ జీతగాడా?"

నేను ఏడో తరగతి పాసయ్యాక మా బడి అయ్యవారు తిరిగి తిరిగి నంద్యాల హాస్టల్లో నాకొక సీటు సంపాదించాడు. నాయన సంతోషంగానే దావీదప్ప దగ్గరికి తీసుకుపోయాడు. డబ్బా తెరిచారు. కదలకుండా నిలిచి ఉండమని వచ్చింది.

"దేవుడు ఉండమంటాండాడు. పాప యాడికీ పోగూడదు," అన్నాడు దావీదప్ప.

నాకు ఒళ్లు మండింది. ముందటేడు ఆయన కొడుకు సామ్యేలును నంద్యాల కాలేజీకి పంపేటప్పుడు నేను చర్చి ఊడుస్తున్నాను. అతనికీ మొదట అదే చీటీ వచ్చింది. "చెయ్యి తప్పింది" అని లోపలేసి, రెండోసారి తీసి, అదీ నచ్చక మూడోసారి తీసి, బయలుదేరమని వచ్చాకే "ఆమేన్" అన్నాడీ మహానుభావుడు.

"మీ సామ్యేలుకు మూడుతూర్లు తీస్తివి గదప్పా! నాకూ ఇంగో రెండుతూర్లు తియ్యి."

"ఏందీ, దేవునికే ఎదురు మాట్లాడతాండావా? దీని నోరు సూడప్పా!"

నాయన తల వంచుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే అవ్వ నా రేకుపెట్టె నెత్తినెత్తుకుని, నన్ను చేయిపట్టి ఏట్లోకి దింపింది. ఏరు దాటి ఆళ్లగడ్డలో బస్సెక్కితే నంద్యాలే. సగం దాటామో లేదో, వెనక గడ్డ మీద దావీదప్ప, ఆయన పక్కన నాయన.

"దేవుని మాట దాటి పోతాండావు! ఆ నీళ్లే నిన్ను మింగుతాయి!"

నాయన నోరు మెదపలేదు. అవ్వ కర్ర ముందుకు పొడిచింది. టక్కుమంది.

"ఎనక్కి సూడాకు. ఈడ బండుంది. కాలెయ్యి పాపా."

నేను వెయ్యలేదు. అవ్వ నా చెయ్యి వదల్లేదు, నేనే విడిపించుకుని వెనక్కి తిరిగాను. నెత్తిన పెట్టెతో అవ్వ ఆ నీళ్లలో ఎంతసేపు నిలబడిందో నాకు తెలియదు, నేను చూడలేదు. ఇంటికొచ్చాక తడిచీర ఆరేసుకుంది, జొన్నరొట్టె చేసి పెట్టింది. తిట్టినా బాగుండేది. నా చదువు అక్కడితో సరి.

దేవుని మీద నాకే కోపమూ లేదు. ఆయన ఒక్క బండ చూపించాడు, టక్కుమని చప్పుడు కూడా వినిపించాడు. కోపమంతా ఆయన పేరు చెప్పి గడ్డన నిలబడి అరిచినవాడి మీద, పక్కనే నిలబడి అరవనివాడి మీద, మిగిలింది నా మీద.

ఇప్పుడు వక్కిలేటి మీద వంతెన ఉంది, అవ్వ బండలు ఏ ఇసుక కిందో ఉన్నాయి. అవ్వా లేదు, దావీదప్పా లేడు. వాగ్దానాలు పొద్దున్నే గులాబీపూల బొమ్మలతో ఫోనుకు వచ్చిపడుతున్నాయి. నా మనవరాలికి నంద్యాలలో నర్సింగు సీటొచ్చింది. డబ్బా నా చేతిలో చూసి మా వాడికి హుషారొచ్చింది.

"అమ్మా, పాపకు ఒక చీటీ తీసి సూద్దామా?"

ఆ పిల్ల భయం భయంగా నా మొహంలోకి చూసింది. నేను మూత గట్టిగా బిగించి డబ్బాను అటక మీదికి విసిరేశాను.

"బస్సెన్నింటికో కనుక్కో పో," అన్నాను వాడితో. "దాని పెట్టె నేనెత్తుకుంటా."