చదవడానికేమీ రాని తెర

యాభై రెండేళ్ళ వయసులో నేను అక్షరాలు నేర్చుకున్నాను. మిరపకోతలకు వెళ్ళే మా ముఠాలో చదవడం వచ్చింది నాకొక్కదానికే. ఏ రోజు ఎవరు ఏ చేనుకు వెళ్ళాలో ఫోన్‌లో కనిపించేలా, గుంటూరులో పనిచేసే మా అమ్మాయి ఒక వెబ్‌సైట్ తయారుచేసింది.

మొదటిరోజు పొద్దున్నే ఆటోల దగ్గర నలభైమంది ముందు దాన్ని తెరిచాను. మనిషికొక గడి వచ్చింది. ప్రతి గడిలోనూ పేరు రాకుండా చక్రం తిరుగుతూనే ఉంది.

"చదవ్వేమే సుబ్బులూ?" అంది మస్తానమ్మ.

"ఇంకా ఏమీ రాలేదక్కా."

"అంతసేపు దాన్నే చూస్తా ఏమీ లేదంటావేందే? చదవడం రాదని చెప్పరాదూ!"

అందరూ నవ్వారు. ఎటు వెళ్ళాలో తెలియక ఆటోలు కదల్లేదు. పొద్దెక్కాక రైతులు వేరే ముఠాను పిలిపించుకున్నారు. నలభైమందిమీ ఇంటిదారి పట్టాం.

సాయంత్రం ఫోన్ చేసి చెబితే అమ్మాయి చూసి, "గడులన్నీ దేనికది విడిగా, పేర్లుండే సర్వర్‌ని అడుగుతున్నాయమ్మా, అందుకే ఆగిపోయింది" అంది.

"చేలో నలభైమందిమీ తలా ఒక చెంబు పట్టుకుని బోరు దగ్గరికి పోతామా? ఒకరు బిందె తెస్తే అందరం తాగుతాం" అన్నాను విసుగ్గా.

తను ఆ రాత్రే, సైట్ ఒక్కసారే అడిగి అన్ని గడులకూ పంచేలా మార్చింది.

మర్నాడు పేర్లన్నీ వెంటనే వచ్చాయి. చదివాను. మస్తానమ్మ ఆటోలో తన పక్కన చోటిచ్చింది. కానీ ఇప్పటికీ ఫోన్ కాస్త ఆలస్యం చేస్తే, చదవడం మరిచిపోయానేమోనని ముందు నన్నే అనుమానించుకుంటాను.