కప్పు కోసిన మధ్యాహ్నం

మణికొండలో మా ఓనరు దాన్ని పెంట్‌హౌస్ అనేవాడు. మేడ మీద నాలుగు గోడలు లేపి, పైన రేకులు పరిచి, ఆ రేకులు కనబడకుండా తెల్లటి ఫాల్స్ సీలింగ్ కొట్టించిన గది అది. పక్కనే, అదే రేకుల కింద, ఆయన అల్లుడి గోడౌను. పెళ్లిళ్లకు అద్దెకిచ్చే డెకరేషన్ సామానంతా అక్కడే: థర్మకోల్ సింహాసనాలు, ప్లాస్టిక్ పూలు, తెరలు. నా గదిలోకి రావాలన్నా పోవాలన్నా ఆ గోడౌను తలుపు ముందు నుంచే. మునిసిపాలిటీ అనుమతి కింది రెండంతస్తులకే ఉందని చేరిన తర్వాత తెలిసింది.

నానక్‌రామ్‌గూడలో ఒక ఐటీ కంపెనీలో రాత్రి షిఫ్టు నాది. పొద్దున వచ్చి పడుకునేదాన్ని. బట్టలారేయడానికి పైకొచ్చిన ఓనరు భార్య కిటికీలోంచి చూసి, “పట్టపగలు పండుకునుడేంది బిడ్డా? గిదేం నౌకరీ?” అని రోజూ దెప్పేది. ఆమె మాటంటేనే నాకు చిరాకు.

ఆ ఎండాకాలం మధ్యాహ్నం దగ్గుతో మెలకువ వచ్చింది. కింద ఎవరో మిరపకాయలు వేయిస్తున్నారనుకున్నాను. తలుపు తీస్తే వేడి మొహం మీద కొట్టింది. గోడౌను అంటుకుంది. తలుపు మూసేశాను. కిటికీకి ఇనుప చువ్వలు. గదిలో పొగ అప్పటికే సీలింగు నుంచి కిందికి దిగుతోంది. బాత్రూములోకి పాకి, తువ్వాలు తడిపి తలుపు కింది సందుకి అడ్డం పెట్టి, నేల మీద బోర్లా పడుకున్నాను. ఫోను మంచం మీదే ఉండిపోయింది.

సందు వైపున్న చిన్న వెంటిలేటరులోంచి కింది మాటలు వినిపిస్తున్నాయి. ఫైరింజను వచ్చింది గానీ సందులోకి దూరలేకపోయింది. ఓనరుగారి పెద్ద కారు అడ్డం. ఆయన కారు తీసేదాకా ఆగకుండా ఫైర్‌మెన్ పైపులు లాక్కుంటూ పరిగెత్తారట. పక్క మేడ మీదనుంచి నిచ్చెన వేసి ఎక్కారు. నా తల మీద రేకులు దబదబలాడాయి.

“ఏయ్, రేకులు కొయ్యకుండ్రి! మొన్ననే ఏసినం! తలుపుల కెల్లి నీళ్లు కొట్టుండ్రి జర!” అని కింద ఓనరు అరిచాడు.

“పొగ పైకి పోకుంటే మావోళ్లు లోపటికి ఎట్ల పోతరు సార్? ఏం కనిపిస్తలేదు. లోపట ఎవరన్న ఉన్నరా?” అని ఒక ఫైర్‌మన్ అడిగాడు.

“ఎవ్వరు లేరు. ఖాళీ రూం అది.”

ఆ మాట నేను నా చెవులతో విన్నాను. కాగితాల్లో ఆ అంతస్తే లేదు కదా, లేని అంతస్తులో మనిషెలా ఉంటుంది! “ఉన్నానండీ” అని అరవబోయాను. దగ్గే వచ్చింది. చావబోతూ కూడా ఆయన్ని అండీ అన్నందుకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అప్పుడు ఓనరు భార్య గొంతు లేచింది. “నీ నోట్ల మన్నువడ! పిల్ల పైన్నే పండుకున్నది! రోజూ గీ టైంల పండుకుంటది! కొయ్యుండ్రి బిడ్డా, రేకులు కొయ్యుండ్రి!”

కోత మిషను కీచుమంది. రేకు విరిగిన చప్పుడు. పైనుంచి పొడవాటి కొక్కెంతో పొడిచారేమో, సీలింగు పెళ్లలు పెళ్లలుగా గదిలో కూలింది. ముక్కు దాకా దిగిన పొగ ఒక్కసారి కదిలింది. బాత్రూము తలుపు పైసందులోంచి లాగినట్టు పోసాగింది. ముందు బకెట్ కనిపించింది, తర్వాత కుళాయి. ఆ సందులోంచే ఎండ వచ్చింది. నెలల తరబడి కిరాయి కట్టిన ఆ గదిలో ఎండ పడటం అదే మొదటిసారి.

గోడౌను మంట మీద నీళ్లు కొట్టి, మాస్కు వేసుకున్న మనిషి లోపలికొచ్చాడు. “నడుస్తవా అమ్మా?”

“నడుస్తానండి” అన్నాను. లేవబోయి దగ్గుతో మళ్లీ కూలబడ్డాను. మోసుకుపోయాడు.

కింద సందు నిండా ఎత్తిన ఫోన్లు. మంచినీళ్లిచ్చిన చెయ్యి ఒక్కటీ లేదు. ఎదురు అపార్ట్‌మెంటు కుర్రాడొకడు తన మొహమూ, వెనక పొగా రెండూ పడేలా మెడ వంచి తంటాలు పడుతున్నాడు. ఓనరు అప్పటికే టీవీ మైకు ముందున్నాడు. “మా బిడ్డ లెక్క చూసుకుంటం. మేమే చెప్పి బయటికి తీయించినం.” ఆస్పత్రికి వచ్చిన ఆఫీసు స్నేహితురాలి ఫోనుకి మా టీమ్ లీడ్ సందేశం వచ్చింది: నువ్వు క్షేమంగా ఉన్నందుకు సంతోషం, ఈ రాత్రి లాగిన్ అవుతావా? అవనని చెప్పించాను.

కోలుకున్నాక బాచుపల్లిలో ఆ స్నేహితురాలి ఇంట్లో చేరాను. మిగిలిన సామాను కోసం ఒకసారి మణికొండ వెళ్లాను. మేడ మీద అప్పుడే కొత్త రేకులు, నీలం రంగువి.

“మంటల కంటె ఆ ఫైరోళ్లే ఎక్కువ ఖరాబ్ చేసిండ్రు. ఎంత పెద్ద బొక్క పెట్టిండ్రో తెలుసా?” అన్నాడు ఓనరు, నా దగ్గర సానుభూతి ఆశిస్తూ.

“తెలుసు. నేను ఊపిరి పీల్చింది దాంట్లోంచే” అన్నాను. అండి తగిలించలేదు.

 వంటింట్లోంచి ఆయన భార్య వచ్చింది. నేను చేతులు పట్టుకుంటే విడిపించుకుని, “ఇగ పో బిడ్డా. మల్ల ఈ దిక్కు రాకు” అంది, మొగుడికి వినపడేలాగే.

గేటు దగ్గర మెడలో ఐడీ కార్డుతో ఒక అమ్మాయి నిలబడి ఉంది, గది చూడటానికి వచ్చిందట. “అక్కడ చేరకండి. మొన్న మంటలొస్తే కప్పు కోసి నన్ను బయటికి తీశారు” అని చెప్పాను. ఆమె తలెత్తి నీలం రేకుల వైపు చూసింది.

“అయ్యో” అంది. “వైఫై బాగానే వస్తుందా అండీ?”