చెద పట్టని పెట్టె

చెదల మందు కొట్టడంలో మందాయనను మించినవాడు లేడని ఆ పనిలో ఉన్నవాళ్ళందరూ ఒప్పుకునేవారు. ఆయన చెయ్యి పడిన ఇంటి గుమ్మం దాకా వచ్చిన చెదపురుగులు ఒకదాని మొహం ఒకటి చూసుకుని పక్కింటి దారి పట్టేవట. పక్కింటివాళ్ళు మర్నాడే ఆయనకు ఫోన్ చేసేవారు. అలా వీధి మొదట్లో ఒక పని దొరికితే, చివరింటి దాకా చెదలే ఆయనకు బేరాలు చూసిపెట్టేవి.

పనిని మెచ్చుకునేవాళ్ళే మనిషిని మాత్రం గడప దగ్గర నిలబెట్టేవారు. టీ కాగితపు కప్పులో వచ్చేది, అదీ కిటికీలోంచి. ఆయన వీపు తిప్పగానే వెనకాల తలుపు గొళ్ళెం కడుగుతున్న చప్పుడు వినపడేది. పెళ్ళయిన రెండో ఏడు భార్య అన్నగారింటికి వెళ్ళి, "అన్నం కలుపుకుంటే మందు వాసనొస్తోంది, నేనింక రాను" అని కబురు పెట్టింది. ఆయన వెళ్ళి బతిమాలలేదు. సబ్బుబిళ్ళ అరిగేదాకా చేతులు తోముకుని, వాసన చూసుకుని, ఊరుకున్నాడు. కొన్నాళ్ళకు భర్త పోయిన అక్క వచ్చి వంటగదిని స్వాధీనం చేసుకుంది. ఆమె మాట రంపం. కోసినట్టు తెలియదు, పొట్టు మాత్రం రాలుతూ ఉంటుంది.

ఎవరైనా "ఏం చేస్తుంటారు?" అనడిగితే "గడియారాలు బాగుచేస్తాను" అని చెప్పడం ఆయనకు అలవాటైపోయింది. ఒకసారి రైల్లో ఎదురు సీటాయన ఆ మాట నమ్మేసి, ఆగిపోయిన చేతి గడియారం విప్పి ఇచ్చాడు. మందాయన దాన్ని చెవికి ఆనించుకుని, పెద్ద డాక్టరులా తలాడించి, మోకాలికేసి ఒక్కటి కొట్టాడు. అది నడిచింది. ఆ పెద్దమనిషి దిగేదాకా "అన్నగారూ" అని పిలుస్తూ తన అరటిపళ్ళలో సగం తినిపించాడు. అబద్ధానికి అంత మర్యాద దొరికాక నిజం చెప్పాలని ఎవరికనిపిస్తుంది?

పని మానేసే ముందు ఒకింట్లో ఆయన్ను ఒక గది ముందు ఆపేశారు. "ఇందులో మందు వద్దండీ, మా టరాంటులా ఉంది" అన్నాడు ఇంటాయన, తలుపు కింది సందులో తడిగుడ్డ కుక్కుతూ. మందాయన కిటికీ అద్దంలోంచి తొంగి చూశాడు. గాజు పెట్టెలో నిలబెట్టిన బెరడు మీద అరచెయ్యంత సాలీడు, ఒంటినిండా నూగుతో, తీరిగ్గా కూర్చుని ఉంది. తాను డబ్బు తీసుకుని చంపేదాన్ని ఇక్కడెవరో డబ్బు పెట్టి పెంచుతున్నారు. అంతకంటే వింత ఇంకొకటి. కాళ్ళున్న ప్రతిదీ తనను చూసి పరుగెత్తేది, రెండు కాళ్ళవి కూడా. ఎనిమిది కాళ్ళు పెట్టుకుని ఇది మాత్రం కదల్లేదు.

తర్వాత దగ్గు పట్టుకుంది. డాక్టరు ఊపిరితిత్తుల బొమ్మను వెలుతురుకు పట్టి చూసి, మందు డబ్బా ఇంక భుజాన వేసుకోవద్దన్నాడు. ఇంట్లో కూర్చున్న మందాయనకు ఆ సాలీడే కళ్ళలో మెదిలేది. ఇంట్లో అలాంటి ప్రాణి ఒక్కటుండాలి. తను గదిలోకి వస్తే లేచి వెళ్ళిపోనిది.

"జీవితమంతా పురుగుల్ని చంపి, ఇప్పుడు పురుగును పెంచుతాడట. పులి వెళ్ళి మేక పిల్లకి ఉయ్యాల కట్టినట్టుంది" అంది అక్క.

"పురుగు కాదక్కా, సాలీడు."

"ఆహా. చంపేటప్పుడు ఈ తేడాలన్నీ అడిగేవాడివా?"

పెంపుడు జంతువుల కొట్టు నడిపేది ఒక నడివయసు ఆమె. మందాయన వచ్చిన పని చెప్పగానే స్టూలు వేసి కూర్చోబెట్టింది.

"మొదటిసారా బాబాయ్‌గారూ? నేల మీద ఉండేది కావాలా, చెట్టు మీద ఉండేదా?"

"చెట్టు మీదిదేనమ్మా. పైన కూర్చునుంటే మనిషికి ఎదురుగా ఉంటుంది."

ఆమె మొదట చూపించింది మెరుపులాంటిది. ఒంటిమీద ముగ్గు వేసినట్టు గీతలు. మందాయన కళ్ళు దానికే అతుక్కుపోయాయి. ఆమె పెట్టెను వెనక్కి జరిపేసింది. "ఇది అందగత్తెలెండి, కానీ కొత్తవాళ్ళకు కాదు. మూత తీసేలోపే మీ భుజం మీదుంటుంది. కరిస్తే రోజుల తరబడి కండరాలు పట్టేస్తాయి."

రెండోది మినపగింజంత పిల్ల. "దీన్ని బతికించాలంటే చెయ్యి తిరిగుండాలి. తేమ కాస్త అటూ ఇటూ అయినా పోతుంది."

మూడోది నల్లటి ఒళ్ళు, పాదాల చివర మాత్రం గులాబీ రంగు. చిన్నపిల్ల గోరింటాకు పెట్టుకుని ఆరేదాకా చేతులు చాపుకుని కూర్చున్నట్టు కూర్చుంది.

"మీకు ఇది సరిపోతుంది. నెమ్మది. కోపమొచ్చినా కరవడానికి తొందరపడదు. వెనక్కి తిరిగి రెట్ట కొడుతుంది, అదీ గురి చూసి."

"మా సూపర్‌వైజరూ అంతే" అన్నాడు మందాయన. ఆమె నవ్వింది. తనతో కలిసి ఒక ఆడమనిషి నవ్వి ఎన్నాళ్ళయిందో ఆయనకు గుర్తు రాలేదు.

పెంపకం గురించి కూడా ఆమె ఓపిగ్గా చెప్పింది. పెట్టె వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువుండాలి. గాలి ఒక పక్కనుంచి వచ్చి ఇంకో పక్కకు పోవాలి, ఉక్కపోస్తే చచ్చిపోతుంది. ఎక్కడానికి బెరడు, తాగడానికి చిన్న గిన్నెలో నీళ్ళు. మేతకు దాని పొట్ట కన్నా చిన్న చిమ్మట. చేతిలో ఆడించకూడదు, చూసుకోవాలంతే. "ఇంకో మాట. చెట్టు సాలీడు అదే పనిగా నేల మీదికి దిగి కూర్చుందంటే, పైన దానికేదో బాగోలేదని. సరే, ఇంతకీ మీరేం పని చేస్తారు బాబాయ్‌గారూ? ఎందుకడుగుతున్నానంటే..."

మందాయన మొహంలో నవ్వు ఆరిపోయింది. ఇంతసేపూ మనిషిలా మాట్లాడి, చివరికి ఈవిడ కూడా అదే అడిగింది.

"గడియారాలు బాగుచేస్తాను" అన్నాడు, ఆమెను మాట పూర్తి చెయ్యనివ్వకుండా.

"అయితే చింత లేదు. చేతులు శుభ్రంగా ఉండే పని."

ఆ మాట ఇంటిదాకా ముల్లులా గుచ్చుతూనే ఉంది. కొట్లో గాజు పెట్టెలున్నా ఆయన కొనలేదు. తన సాలీడుకు ఇల్లు తనే కడతానని పట్టుబట్టాడు. గోడ బీరువాలోంచి ఒక అర ఊడదీసి, కోసి, చిత్రిక పట్టి, నిలువుటి పెట్టె చేశాడు. ముందు గాజు, రెండు పక్కలా వరసగా బెజ్జాలు. ఆ ఇంట్లోని ప్రతి చెక్కా ఆయన తన చేత్తో మందు తాగించిందే. బయటివాళ్ళకు కలిపేదానికన్నా చిక్కగా కలిపి, రెండేళ్ళకోసారి మళ్ళీ పూసేవాడు. అంత గట్టి చెక్క బజారులో దొరకదని అక్కకు గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

సాలీడు పై మూలకు ఎక్కి తెల్లటి గూడు అల్లింది. మందాయన కుర్చీ దాని ఎదురుగా జరుపుకుని అక్కడే పేపరు చదివేవాడు, అక్కడే అన్నం తినేవాడు. ఆయన దగ్గినా అది కదిలేది కాదు.

"ఏం చేస్తోందిరా మీ మహారాణి?" అని అక్క వంటింట్లోంచే అడిగేది. తర్వాత తర్వాత గరిటె పట్టుకుని వచ్చి చూసి వెళ్ళేది. ఒకరోజు, "దాని కాళ్ళు బాగున్నాయి" అని కూడా అంది. ఆమె నోట ఇంకొకరి గురించి మంచి మాట రావడం ఆ ఇంట్లో అదే మొదలు.

ఒక మధ్యాహ్నం సాలీడు నేల మీద ఉంది. సాయంత్రానికీ అక్కడే ఉంది. వేసిన చిమ్మట వెల్లకిలా పడి గాలిలో తన్నుకుంటోంది. సాలీడు ఒక కాలు ఎత్తింది. అది వణికింది. ఇంకో కాలు తనంతట తను ఎటో పోయింది.

మందాయన గాజుకు మొహం ఆనించి చూశాడు. ఆ వణుకును గుర్తుపట్టడానికి ఆయనకు కొట్టామె అక్కర్లేదు. పనిలో కొత్తగా చేరినవాళ్ళను కూర్చోబెట్టి ఆయనే చూపించేవాడు: "ఇదిగో, కాళ్ళు ఒకదాంతో ఒకటి సంబంధం లేకుండా ఆడుతున్నాయి చూడు. మందు పట్టిందన్నమాట. ఇంక మనం టీ తాగొచ్చు."

సాలీడును గాజు గ్లాసులో పెట్టుకుని, దగ్గుతూ కొట్టుకు పరుగెత్తాడు. ఆమె చూసి పెదవి విరిచింది.

"మందు తగిలిందండీ. ఇంట్లో ఎవరైనా కొట్టారా? మీరు గడియారాలవారు, మీకు మందుతో పనేముంది?"

మందాయన గ్లాసును బల్ల మీద పెట్టి, చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"అందుకే మొదటిరోజే అడిగాను మీ పనేంటని. చెదల మందు కొట్టే ఆయన ఒకాయన నా దగ్గరే తీసుకెళ్ళాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు, గాజు పెట్టె ఇచ్చి, ఏం ముట్టుకోకూడదో చెప్పి పంపాను. ఆయన దగ్గర ఇప్పటికీ హాయిగా ఉంది. వచ్చినప్పుడల్లా ఇక్కడే కూర్చుని టీ తాగి వెళ్తాడు."

గ్లాసులో సాలీడు కాళ్ళన్నీ పొట్ట కిందికి ముడుచుకుంది. గులాబీ పాదాలు లోపలికి పోయాయి.

"ఇంకోటి ఇవ్వనా బాబాయ్‌గారూ? ముందు ఆ మందు ఎక్కడిదో కనుక్కోండి."

"కనుక్కుంటాను" అని లేచాడు మందాయన.

ఇంటికొచ్చేసరికి అక్క ఖాళీ పెట్టెను తిరగేసి దులుపుతోంది. "పోయిందా?" అంది. ఆయన మొహం చూసి ఇంకేం గుచ్చలేదు. "పెట్టె మాత్రం బంగారంలా చేశావు. బియ్యం పోసుకుంటాను, పురుగు పట్టదు" అంది.

మందాయన ఆమె చేతుల్లోంచి పెట్టెను లాక్కున్నాడు.

"నిజమేనక్కా. పట్టదు. దాన్ని చంపింది ఇదే."

అక్కకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. గోడ బీరువా వంక చూసింది, కిటికీ చట్రం వంక చూసింది. చివరికి, వచ్చిన రోజు నుంచీ తను పడుకుంటున్న మంచం వంక చూసింది. ఒకప్పుడది మరదలి మంచం.

"దీనికి కూడా కొట్టావుట్రా?"

"మొదట కొట్టింది దానికే. కొత్తమంచం, పాడైపోకూడదని."

ఆయనకు దగ్గు వచ్చింది, చాలాసేపు వచ్చింది. అది తగ్గేదాకా ఉండి, అక్క దుప్పటి దులిపి, మళ్ళీ అదే మంచం మీద పరిచింది.