వినిపించే అతుకు

వీధిలో అందరికీ ఆమె స్వెటరక్క. ముందు గదిలో అల్లిక యంత్రం, ఉన్ని ఉండలు, గోడకు గళ్ళ కాగితాలు. ముందు గళ్ళలో పువ్వు గీసుకుని, తర్వాత అల్లుతుంది. ఆమె స్వెటరు తిరగేసి చూసినా పువ్వు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో దొరకదు. ఆ గొప్ప తన నోటితో చెప్పుకోదు గాని, ఎవరైనా చెబితే రెండోసారి వినడానికీ అభ్యంతరం లేదు.

పని లేనప్పుడు చిన్ననాటి వీడియోగేమ్ ఆట పెట్టె తీస్తుంది. అరచేతిలో ఇమిడేది, మీటలు అరిగినది. దాంతో ఆడటం ఎప్పుడో మానేసింది. ఇప్పుడు పాటలు కడుతుంది. ఆ పెట్టెకు గొంతులు నాలుగే. మూడింటి తీరు పుట్టుకతో వచ్చింది. మిగిలినదాన్ని మనమే గీసివ్వాలి: అడ్డంగా ముప్పై రెండు గళ్ళు, నిలువుగా పదహారు. ఆ గీతను పెట్టె ఆగకుండా తిప్పి తిప్పి చదివితే స్వరం పుడుతుంది. తెలిసినవాళ్ళు దాన్ని వేవ్‌టేబుల్ అంటారు. ఆమెకు అది ఉత్త గీత.

ఆమెను పెంచింది పెద్దమ్మ. బడిలో సంగీతం చెప్పిన మనిషి. పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి పడిపోయింది. కుడిచేత్తో హార్మోనియం మెట్లు నొక్కగలదు, ఎడమచేత్తో గాలితిత్తి ఆడించలేదు.

"నేను ఆడిస్తాలే" అంది స్వెటరక్క.

"నా ఊపిరి నువ్వు పీలుస్తావుటే? వద్దు."

హార్మోనియం మీద గుడ్డ పడింది. గుడ్డ మీద మడతపెట్టిన బట్టలు చేరాయి. ఒకరోజు పెద్దమ్మ బడికి కబురు పెట్టింది, బండి తెచ్చి పట్టుకుపొమ్మని. ఇక వాయించనని చెప్పడం ఆమె పద్ధతిలో అది.

ఆట పెట్టెకు తిత్తి అక్కర్లేదు కదా అనుకుంది స్వెటరక్క. చిన్న కీబోర్డు తగిలించింది. హార్మోనియం గొంతు గీయడానికి కూర్చుంది. సగం ఎక్కి, సగం దిగి, చివరి గడి మొదటి గడితో ఒద్దికగా కలిసే గీత.

పెద్దమ్మ ఒక మెట్టు నొక్కింది.

"ఎవరే ఈ పిల్ల?"

"ఏ పిల్ల?"

"ఈ పాడేది. పెళ్ళిచూపులకొచ్చినట్టు ఎంత మర్యాదో! నా హార్మోనియం పెట్టెకు జన్మంతా జలుబు. మర్చిపోయావా?"

మళ్ళీ గీసింది. "ఇది పిల్లనగ్రోవి" అంది పెద్దమ్మ. ఇంకా నునుపుగా గీసింది. "ఇది నిద్రమాత్ర. పోనీలేవే, రేపు బండి వస్తుందిగా."

పెద్దమ్మ కునుకు తీస్తుండగా స్వెటరక్క బట్టలు దించి, గుడ్డ తీసి, హార్మోనియం చెక్కకు చెవి ఆనించి ఒకే మెట్టు నొక్కింది. తిత్తి మెల్లగా ఆడించింది. స్వరంలో గరుకు. వేలి కింద అతుకు తగిలినట్టు, ఆగకుండా అదే గరుకు.

తన గీతల్లో లేనిదేమిటో అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళు అతుకులు మాయం చేసిన చెయ్యి, ఇక్కడా మాయం చేసేసింది.

కొత్త కాగితం తీసింది. గీతను కింది గడి నుంచి మెల్లగా ఎక్కించింది. పైకి చేరాక దించకుండా వదిలేసింది. అక్కడి నుంచి మళ్ళీ మొదటి గడికి రావాలంటే పెట్టె ఒక్కసారిగా కిందికి దూకాల్సిందే. సరిచేద్దామని పెన్సిలు రెండుసార్లు ముందుకెళ్ళింది. దాన్ని ఉన్ని బుట్టలోకి విసిరేసింది.

పొద్దున పెద్దమ్మ విసుగ్గానే మెట్టు నొక్కింది. వేలు తీయలేదు. పక్క మెట్టు నొక్కింది. తర్వాత బడిపిల్లలకు మొదట నేర్పే పాఠం, మొదటినుంచీ.

"గీత ఏదీ, చూపించు." కాగితం కళ్ళ దగ్గర పెట్టుకుంది. "ఛీ, ఇదేం అతుకే! నీ చేత్తోనే?"

"నా చేత్తోనే."

"ఇంక ముట్టుకోకు."

గుమ్మంలో బండివాడు పిలిచాడు. "హార్మోనియం తీసుకెళ్ళమన్నారమ్మా!"

"తీసుకెళ్ళు నాయనా, అదుగో" అంది పెద్దమ్మ తలెత్తకుండా. "చప్పుడు చెయ్యకు. పాఠం నడుస్తోంది."