ఒకటో తరగతిలో నా చేప కథ

ఇంటర్ పాసైన మా మనవరాలు టీచరవుతానంది. ఆ సంగతి తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు దాకా నేను చెప్పని మనిషి లేడు. సరే, నిజానికి భీమడోలు స్టేషన్లో నలుగురికి చెప్పాను. డిగ్రీ, ఆపైన బీఈడీ చేసి పదో తరగతికి లెక్కలు చెబుతుందని కూడా నేనే తేల్చేశాను. తనేమో రెండేళ్ల డీఈడీ చేసి చిన్నపిల్లలకే చెబుతానంటోంది. దరఖాస్తుకు మర్నాడే ఆఖరు. "తాతయ్య సరేనంటేనే పెట్టు" అని వాళ్ల నాన్న తప్పుకున్నాడు.

"ముక్కులు తుడవడానికి ట్రైనింగెందుకే?" అన్నాను.

"ఒక్కసారి చూసి మాట్లాడండి తాతయ్యా" అంటూ నన్ను ఏలూరు లాక్కుపోయింది. మా ఊరి అమ్మాయొకతె డీఈడీ చదువుతూ, అక్కడొక బడిలో ఒకటో తరగతికి పాఠాలు చెప్పడం నేర్చుకుంటోంది.

నన్ను చూసి ఆ అమ్మాయి మర్యాదకు, "తాతగారూ, పిల్లలకో కథ చెప్పండి" అంది. అదెంత పని! కొల్లేట్లో నేను పట్టిన బొచ్చె చేప పడవంత ఉందని మొదలెట్టాను.

ముందు వరసలో ఓ పిల్ల లేచింది. "అంత చేప ట్రేలో పట్టదు కదండీ! మా అమ్మ చేపల ట్రేల్లో ఐసు వేసుద్దండీ, నాకు తెల్సు."

"తోక బయటికి వేలాడిందమ్మా."

"అయితే కుళ్లిపోద్దండీ!"

గదంతా గోల. ఆపుదామని, చెరువు ఈ గట్టు మీంచి ఆ గట్టుకు వేసే కేక ఒకటి వేశాను. ఇద్దరు ఏడుపందుకున్నారు. చేప మోచేతంతేనని ఒప్పుకున్నా ఎవరూ వినలేదు.

ఆ అమ్మాయి గొంతు పెంచలేదు. నేల మీద కూర్చుని, రెండు అరచేతులూ దోసిలిపట్టి, అందులోకి చూస్తూ ఏదో గుసగుసలాడింది. దగ్గరున్నవాళ్లు వంగారు, తర్వాత వెనకవాళ్లు. గోల అణిగిపోయింది.

"ఇందులో చేపపిల్లుంది. ఎంతుంటుంది?"

ఒకడు చిటికెనవేలు చూపించాడు. ఏడ్చిన ఇద్దరిలో ఒక పిల్ల కళ్లు తుడుచుకుని గోరు చూపించింది. ఏది పెద్దది, ఏది చిన్నది, దేనికంటే చిన్నది... నా అబద్ధంలోంచి ఆ అమ్మాయి పాఠం తీసింది. జీవితమంతా చెరువుల మీద బతికినవాణ్ణి, నేను కూడా మెడ సాచి ఆ ఖాళీ దోసిట్లోకి చూశాను.

"ఇదెక్కడ నేర్చుకున్నావమ్మా?"

"రెండేళ్లూ ఇదేనండీ నేర్పేది."

మనవరాలు గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. "పెట్టెయ్యవే దరఖాస్తు" అన్నాను. గంభీరంగా అన్నానని రాసుకోవాలనుంది గానీ, గుసగుసగానే అన్నాను. లోపల పాఠం ఇంకా నడుస్తోంది మరి.